పాత కారు భాగములు: ఇంట చేయదగినవి, చేయరానివి

పాత మోటారుకారును ఇంటి ముంగిట నిలుపుకొన్న కుటుంబములు మన పట్టణములలో ఇంకను కొన్ని కలవు. తండ్రిగారు ముచ్చటపడి కొన్నదనియో, ఇంటి ఆడపడుచు అందులోనే అత్తవారింటికి తరలినదనియో దానిని అమ్ముటకు మనసొప్పదు. అట్లని నడుపుటకును వీలు లేదు. గుడ్డ కప్పుకొని, టైర్లలో గాలి దిగి, ఎండకు ఎండుచు వానకు తడియుచు అది ఒక మూల పడియుండును. ఇట్టి బండిని మరల రోడ్డు మీదికి తెచ్చుటలో ఇంటివారు తమ చేతులతో ఎంతవరకు పని చేసికొనవచ్చును? ఎచ్చట ఆగి మేస్త్రిని పిలువవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

ఉదాహరణమునకు అంబాసిడరు కారును తీసికొందము. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని, హిందూస్థాన్ మోటార్స్ సంస్థ కలకత్తా చేరువనున్న ఉత్తరపారలో 1957లో దీని నిర్మాణమును ఆరంభించినది. 1959లో దీనికి 1,489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను అమర్చబడినది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయినది. నాటినుండి కొత్త విడిభాగములు కొన్ని దొరకుచున్నను, దొరకినవన్నియు కొలతకు సరిగా కుదురుననుట కష్టము. కావున ఉన్న భాగమునే బాగుచేసికొనుట పొదుపు కొరకు మాత్రమే కాదు, అవసరము కూడ.

భాగమును పునరుద్ధరించుట యనగా దానికి మెరుగు పెట్టుట కాదు. ప్రతి భాగమునందును నిజముగా పనిచేయు తలము ఒకటి యుండును. సిలిండరునకు లోపలి గోడ, డైనమోకు కమ్యుటేటరు, కార్బురేటరునకు సన్నని జెట్టు రంధ్రము అట్టివి. మొదట చూడవలసినది ఆ తలమునే. దానిపై మురికి పట్టినదా, లేక అది అరిగినదా? మురికియైనచో ఇంట పోవును. అరుగుడైనచో ఇంట పోదు. ఈ భేదమును గుర్తించుటయే ఈ విద్యలో సగము.

పనికి పూనుకొనుటకు ముందు రెండు జాగ్రత్తలు చెప్పవలెను. మొదటిది ప్రాణమునకు సంబంధించినది. జాకీ బండిని ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి ఎవరును దూరరాదు. గట్టి నేల మీద స్టాండ్లు ఆనించి, నేలనున్న చక్రములకు ముందు వెనుకల చెక్కలు అడ్డుపెట్టవలెను. రెండవది జ్ఞాపకమునకు సంబంధించినది. విప్పుటకు ముందు ప్రతి అమరికను ఫొటో తీయుడు. విప్పిన బోల్టులను, వాషర్లను వేరువేరు డబ్బాలలో వేసి, ఏది ఎచ్చటిదో చీటీ వ్రాసి అంటింపుడు. విప్పిననాటి ధీమా బిగించునాటికి ఉండదు.

ఇక త్రుప్పు సంగతి. ఇనుప బ్రాకెట్టులు, మూతలు, బోల్టులు మొదలగు వానిని విద్యుత్తు సహాయమున ఇంటనే శుభ్రపరుపవచ్చును. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచాడు చొప్పున బట్టల సోడా కలుపవలెను. బ్యాటరీ చార్జరు ఋణధ్రువమును త్రుప్పు పట్టిన భాగమునకును, ధనధ్రువమును ఒక పనికిరాని ఇనుప రేకునకును తగిలించి, రెండును ఒకదానినొకటి తాకకుండ ముంచవలెను. కొన్ని గంటలకు త్రుప్పు నల్లని పొడియై కుంచెతో తోమిన ఊడివచ్చును. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు వెలువడును. అది నిప్పు తగిలిన ప్రేలును. కావున ఆరుబయటనే చేయవలెను. ఇనుప రేకునకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దానిలోని క్రోమియము విషమై నీటిలో కలియును. అల్యూమినియము, జింకు మిశ్రమముతో చేసిన భాగములను ఇందు ముంచినచో సోడా వానిని తినివేయును. స్ప్రింగులను ముంచినచో పెళుసెక్కును. ఇంకొక మాట: త్రుప్పు పోయినను, త్రుప్పు తిన్న లోహము తిరిగి రాదు. శుభ్రపడిన పిదప ఎంత మందము మిగిలెనో చూచియే ఆ భాగమును వాడవలెను.

కార్బురేటరు ఇంట చేయదగిన పనులలో మొదటిది. పెట్రోలు ఎండి జిగటయై జెట్లలో పేరుకొనుట దీనికి సాధారణమైన వ్యాధి. జెట్టు రంధ్రములో సూది గాని తీగ గాని దూర్చరాదు. ఆ రంధ్రపు కొలతయే ఇంజనునకు ఆహారపు కొలత. కార్బురేటరు క్లీనరులో నానవేసి, సైకిలు పంపుతో గాలి కొట్టిన చాలును. పాత కార్బురేటర్లలో ఇత్తడి ఫ్లోటు ఉండును. చెవి దగ్గర పెట్టి ఊపినప్పుడు లోపల పెట్రోలు కదలిన చప్పుడైనచో దానికి చిల్లి పడినదని అర్థము. వేడినీటిని పొయ్యి మీదనుండి దింపి, బయటకు తెచ్చి, అందులో ఫ్లోటును ముంచినచో చిల్లి ఉన్నచోట బుడగలు పైకి వచ్చును. లోపలి పెట్రోలంతయు ఆవిరియై పోయినదని తెలియుటకు దానిని మరల మరల తూచి చూడవలెను. ఇక బరువు తగ్గదని నిశ్చయమైన పిదపనే, మంటతో కాక సోల్డరింగ్ ఐరన్‌తో చిల్లి మూయవలెను. సీసము ఎక్కువైనచో ఫ్లోటు బరువెక్కి పెట్రోలు మట్టము మారును. ఆ ఇత్తడికి మెరుగు కావలెనన్న మన ఇండ్లలో చెంబులు తోము చింతపండే చాలును. అయితే థ్రాటిల్ ఇరుసు తన రంధ్రములో అటునిటు ఊగుచున్నచో అది మురికి కాదు, అరుగుడు. ఆ సందున గాలి చొరబడి ఇంజను నిలకడగా తిరుగదు. దానికి లేతు మెషిను మీద కొత్త బుష్షు వేయింపవలసినదే.

నేటి పెట్రోలును గూర్చి కూడ తెలిసికొనవలెను. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి మన దేశమున సీసము కలిపిన పెట్రోలు విక్రయము నిలిచిపోయినది. ఆ సీసము పూర్వపు ఇంజన్లలో వాల్వు కూర్చుండు తలమును కాపాడుచుండెడిది. తలను విప్పవలసి వచ్చినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుట మేలు. అది యంత్రశాల పని. 2023లో 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయము ఆరంభమైనది. ఇథనాల్ తేమను పీల్చును; పూర్వపు రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని డయాఫ్రమును చెరచును. వీనిని ఇథనాల్‌నకు తట్టుకొను రకముతో మార్చవలెను. పగిలిన గొట్టమునుండి పెట్రోలు వేడి ఇంజను మీద పడిన కారే దగ్ధమగును.

డైనమోను తీసికొందము. దాని కార్బను బ్రష్షులు అరుగుటకే పుట్టినవి. కొత్తవి వేయుట సులభము. కమ్యుటేటరు నల్లబడినచో సన్నని ఉప్పు కాగితముతో తుడువవలెను. ఎమెరీ కాగితము వాడరాదు. దాని రేణువులు రాగిలో ఇరుకుకొని బ్రష్షులను కొరుకును. రాగిపలకల నడుమనున్న అభ్రకము రాగికంటె ఎత్తుగా నుండరాదు. కమ్యుటేటరు మీద బ్రష్షులు లోతుగా గాళ్ళు తీసియున్నచో అది లేతు పని. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల ఎడము 0.014 నుండి 0.016 అంగుళము వరకు ఉండవలెను. ఫీలరు గేజి ఉన్నవారెవరైనను దీనిని సరిచేయగలరు.

వాల్వుల ఎడము సరిచేయుటకు ఒక ముచ్చటైన సూత్రము కలదు. ఈ ఇంజనులో ఎనిమిది వాల్వులు. ముందునుండి వెనుకకు ఒకటి మొదలు ఎనిమిది వరకు లెక్కింపుడు. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరచుకొన్నప్పుడు ఒకటవదానిని, ఆరవది తెరచుకొన్నప్పుడు మూడవదానిని సరిచేయవలెను. తెరచినది, సరిచేయవలసినది కూడిన ఎప్పుడును తొమ్మిదే. తొమ్మిది వరకు కూడిక వచ్చిన పిల్లవాడును ఈ పనిలో పెద్దలకు సాయపడగలడు. ఎంత ఎడము ఉంచవలెనో మాత్రము బండితో వచ్చిన పుస్తకమును చూచి నిర్ణయింపవలెను.

ఇంతవరకు చెప్పినవానిలో పొరపాటు జరిగిన బండి కదలదు, లేదా త్రోవలో నిలిచిపోవును. బ్రేకుల విషయము అట్టిది కాదు. మా ఇంటనున్న 1970 నాటి అంబాసిడరు విషయమున మేము చేసిన తప్పును ఇచట దాచక చెప్పెదము. మాస్టరు సిలిండరును విప్పి, ఇనుప భాగములతోపాటు రబ్బరు కప్పును కూడ కిరసనాయిలుతో కడిగితిమి. అది పైకి నిగనిగలాడుచు కొత్తదానివలెనే యుండెను. బిగించి వీధిలోనికి తీసికొనిపోతిమి. మూడవ మలుపు వద్ద బండి బరువుగా సాగి నిలిచిపోయినది. పెడలు మీదినుండి కాలు తీసినను బ్రేకులు వదలలేదు. చక్రముల డ్రమ్ములు చేయి పెట్టరానంత వేడెక్కినవి. వెనుక సీటులో మా తండ్రిగారు కూర్చుండియుండిరి.

కబురంపగా వచ్చిన వృద్ధ మేస్త్రి కప్పును బయటకు తీసి మా అరచేతిలో పెట్టి, "బాబూ, కిరసనాయిలు ఇనుముకు మందు, రబ్బరుకు విషం" అన్నాడు. అది నూనె పీల్చి ఉబ్బి, బ్రేకు ద్రవము వెనుకకు మరలవలసిన సన్నని రంధ్రమును మూసివేసినది. అందుచే ఒత్తిడి లోపలనే బిగిసిపోయినది. ఆనాటి బండ్లలో నాలుగు చక్రములకును ఒకే మాస్టరు సిలిండరు, ఒకే ద్రవమార్గము. ఉబ్బిన కప్పు చినిగియుండినచో నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోయెడివి. ఆ దినమున బండి కదలక నిలిచిపోవుట మా అదృష్టమనియే చెప్పవలెను.

నాటినుండి మేము పాటించు నియమములివి. బ్రేకులలోని రబ్బరును బ్రేకు ద్రవముతో తప్ప మరి దేనితోను కడుగరాదు. విప్పిన పిదప పాత కప్పును మరల వేయరాదు. పూర్వము బ్రేకు ద్రవములో ఆముదము ముఖ్యభాగముగా నుండెడిది. నేడు సాధారణముగా వాడు ద్రవము వేరు. అది గాలిలోని తేమను పీల్చును. తేమ చేరిన ద్రవము తక్కువ వేడికే మరగును, సిలిండరును త్రుప్పు పట్టించును. రెండేండ్లకొకసారి మార్చుట మంచిది. సిలిండరు లోపలి గోడను వ్రేలితో తడిమి చూడుడు. నునుపుగా నున్నచో కొత్త కప్పులు చాలును. గుంటలు తగిలినచో అది అరుగుడే. యంత్రశాలలో స్లీవు వేయింపవలెను, లేదా సిలిండరునే మార్చవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. డ్రమ్ములోని పొడిని ఊదరాదు, పొడిగా తుడువరాదు. నీటితో తడిపి తీయవలెను. బిగించి, గాలి తీసిన పిదప పెడలును ఒక నిముషము గట్టిగా త్రొక్కి పట్టుడు. అది మెల్లగా క్రిందికి దిగినచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. అప్పుడు బండి గేటు దాటరాదు. అంతయు సరిగా నున్నను, తొలిసారి రోడ్డెక్కుటకు ముందు అనుభవజ్ఞుడైన మేస్త్రికి చూపవలెను.

చివరగా ఒక మాట. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేయక సహజరూపమున నిలుపుకొన్న సొంత బండిని వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. ఆ రిజిస్ట్రేషను 10 ఏండ్లు చెల్లును. అయితే అట్టి బండిని నిత్యవ్యవహారమునకు వాడరాదు. కావున తొందరపడి పాత భాగమును తీసి పారవేయకుడు. బాగుపడినదానిని వాడుడు; బాగుపడనిదానిని చీటీ కట్టి దాచుడు. కొత్తది చేయించునాడు కొలతకు అదియే ఆధారము.

మా తండ్రిగారు నేటికిని ఆదివారమునాడు ఆ వెనుక సీటులోనే కూర్చుందురు. బయలుదేరుటకు ముందు మేము పెడలును ఒక నిముషము త్రొక్కి పట్టుదుము. ఆ నిముషము ముగియువరకు వారు మాటాడరు.