పదకొండు సార్లు చాలునా?

అమెరికావారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ వంటిది కాదు. రెండు కొసలూ సన్నగా వుండే బంతిని అందులో చేతులతో విసురుతారు. ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. ఎదుటివారు మీద పడేలోగా, రెండు మూడు సెకన్లలో, బంతి ఎవరికి పంపాలో అతను నిశ్చయించుకోవాలి.

2017 డిసెంబరు 10న ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతిన్నది. అతని స్థానంలో నిక్ ఫోల్స్ వచ్చాడు. డిసెంబరు 31న ఫోల్స్ 11 సార్లు విసిరితే 4 సార్లే బంతి తనవారికి అందింది. జట్టు 6–0తో ఓడింది. ముందున్నవి ఓడితే ఇంటికి పోవలసిన ప్లేఆఫ్ పోటీలు! ఇతనితో గట్టెక్కగలమా అని అభిమానులు దిగులుపడ్డారు.

పిల్లలూ, ఆ దిగులు సహజమే. కాని నాణాన్ని 11 సార్లు ఎగరవేస్తే 4 సార్లే బొమ్మ పడవచ్చు. అంతమాత్రాన అది దొంగ నాణెమని అనం గదా! 2013లో ఇదే ఫోల్స్ ఒకే ఆటలో 7 టచ్‌డౌన్లకు బంతి అందించాడు.

ఈగిల్స్ రెండు పోటీలు నెగ్గి, 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ అనే తుది పోటీలో దిగారు. ఆనాడు ఫోల్స్ 43 సార్లు విసిరితే 28 సార్లు బంతి అందింది. ఈగిల్స్ 41–33తో గెలిచి మొట్టమొదటిసారి సూపర్ బౌల్ సాధించారు. ఆ పోటీలో ఉత్తమ ఆటగాడు ఫోల్సే!

మీ జట్టులో ఎవరైనా క్యాచ్ వదిలితే, వాణ్ణి తీసివేసే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి.