విమానంలో విశ్వయాత్ర – ఆలయానికి చేరేదెంత?

కొంతకాలంగా మన దాతలలో కొందరు, ముఖ్యంగా విదేశాలలో స్థిరపడినవారు, ఆలయ చరిత్రపై నేను చేసే ప్రసంగాలు ముగిసిన తరువాత ఒక ప్రశ్న అడుగుతున్నారు. ప్రత్యేక విమానంలో యాభై అరవై మందిని కూర్చోబెట్టుకొని, సుమారు మూడు వారాలలో భూమండలాన్ని చుట్టివచ్చి, అంగ్కోర్ వాట్, మాచు పిచ్చు, పెట్రా వంటి ప్రాచీన స్థలాలను చూపించే సంస్థలు ఉన్నాయి. "అటువంటి యాత్రకు వెళ్ళవచ్చునా? దానిని తీర్థయాత్ర అనవచ్చునా?" అన్నది ఆ ప్రశ్న. షష్టిపూర్తి సందర్భంగా వెళ్ళదలచిన ఒక దంపతులు ఈ మధ్యనే మళ్ళీ అడిగారు. వారికి చెప్పిన సమాధానాన్నే మరికొంత విపులంగా పాఠక మహాశయులకు మనవి చేస్తున్నాను. వెళ్ళేవారిని నిరుత్సాహపరచడం నా అభిమతం కాదు. ఖర్చు చేసే ప్రతి రూపాయి ఎక్కడికి చేరుతున్నదో తెలిసి ఖర్చు చేయడం దాత ధర్మమని మాత్రమే నా విన్నపం.

యాత్ర స్వరూపం

మామూలుగా రెండు వందల మంది ప్రయాణించే బోయింగ్ 757 వంటి విమానంలోని సీట్లన్నీ తొలగించి, వాటి స్థానంలో యాభై నుండి డెబ్బై వరకు విశాలమైన ఆసనాలను అమర్చుతారు. వంటవారు, వైద్యుడు, చరిత్ర ఉపన్యాసకులు ప్రయాణికులతోపాటే ఉంటారు. దిగిన ప్రతిచోటా ఉన్నతశ్రేణి హోటళ్ళలో బస, ముందుగా ఏర్పాటు చేసిన వాహనాలు, వరుసలలో నిలువనవసరం లేని దర్శనం. విమానం మారే పని లేదు, సామాను మోసే శ్రమ లేదు. ప్రపంచమంతా చుట్టే యాత్రకు ఒక్కొక్కరికి లక్ష డాలర్లకు పైగానే అవుతుంది.

వయసు మీదపడినవారికి ఇందులోని సౌకర్యం చిన్నది కాదు. నాలుగు విమానాలు మారి, అర్ధరాత్రి విమానాశ్రయాలలో పడిగాపులు పడలేని వృద్ధులు జీవితకాలపు కోరికను ఈ విధంగా తీర్చుకొనవచ్చును. ఆ సంగతిని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

మన పూర్వుల బృందయాత్ర

ధనవంతుడు పరివారంతో యాత్ర చేయడం మనకు కొత్త కాదు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలను సేవించి, కలకత్తా నుండి తూర్పుతీరం వెంట స్వస్థలం చేరుకొన్నారు. దాదాపు పదిహేను నెలల ఆ ప్రయాణ వృత్తాంతం 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పేరుతో అచ్చయింది.

వారు పల్లకిలోనే ప్రయాణించారు. ఆ కాలానికి అంతకు మించిన సౌఖ్యం లేదు. అయితే పల్లకి నేల మీదనే నడవాలి. ప్రతి మజిలీలోనూ బియ్యం కొనాలి, కూలి ఇవ్వాలి, సత్రంలోనో చెట్టు నీడనో విడిది చేయాలి. అందువల్ల ఏ ఊరిలో ఏమి దొరుకుతుందో, ఏ దారి ఎట్లా ఉన్నదో, ఎక్కడి ప్రజలు ఏ విధంగా బ్రతుకుతున్నారో వారికి తెలిసింది. వారి ధనం దారి పొడవునా పంచబడింది. విమానంలో వెళ్ళేవారికి దారి మేఘాల క్రింద ఉండిపోతుంది. నాటి ధనికయాత్రకూ నేటి ధనికయాత్రకూ ఉన్న ముఖ్యమైన భేదం సౌఖ్యంలో లేదు. ఈ దారిలో ఉన్నది.

విమానం ఆగేచోట

ఎంత ఖరీదైన విమానమైనా క్షేత్రద్వారం వరకు రాదు. పెరూ దేశంలోని మాచు పిచ్చుకు విమానాశ్రయం లేదు. సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో నగరంలో దిగి, రైలు ఎక్కి, పిదప బస్సులో కొండ ఎక్కాలి. కుస్కోలో గాలి పలుచన కనుక తలనొప్పి, ఆయాసం ధనికులకూ పేదలకూ సమానమే. 2,430 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఇంకా నగరంలోకి నిర్ణీత సమయానికే, నిర్ణీత మార్గంలోనే ప్రవేశం. మన క్షేత్రాలలో సమయం ముద్రించిన దర్శనం టికెట్లకు అలవాటుపడిన భక్తులకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

చిలీ దేశపు తీరానికి సుమారు 3,500 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రం మధ్య రాపా నుయీ అనే చిన్న ద్వీపం ఉన్నది. మోయీలు అనే మహాశిలావిగ్రహాలు దాదాపు వేయి అక్కడ ఉన్నాయి. అక్కడి విమానమార్గాన్ని 1980లలో అమెరికా అంతరిక్ష సంస్థ అత్యవసర అవసరం కోసం పొడిగించింది. నేడు పెద్ద విమానాలు దిగగలగడానికి అదే కారణం. ఆ విగ్రహాలు ఆ ద్వీపవాసుల పూర్వీకుల ప్రతిరూపాలు. వాటిని తాకరాదు, వేదికలపై కాలు మోపరాదు. 2017 నుండి ఆ ఉద్యానవనం నిర్వహణ ద్వీపవాసుల సంఘం చేతిలోనే ఉన్నది. యాత్రికుల వలన వచ్చే ఆదాయమూ, యాత్రికులను అదుపుచేసే అధికారమూ ఒకే చేతిలో ఉండడం మంచి ఏర్పాటని నా అభిప్రాయం.

అంగ్కోర్ వాట్ చెప్పే పాఠం

ఈ స్థలాలలో మనకు అత్యంత సన్నిహితమైనది కంబోడియాలోని అంగ్కోర్ వాట్. 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ దానిని శ్రీమహావిష్ణువుకు నిర్మించాడు. అనంతరకాలంలో అది బౌద్ధక్షేత్రమై, నేటికీ పూజలందుకొంటున్నది. మామూలు విమానంలో వెళ్ళి ఆ ఆలయాన్ని దర్శించే భాగ్యం నాకు కలిగింది. ఆలయం పడమటి ముఖంగా ఉన్నది. పడమటి మంటపంలో ఒక ప్రక్క కురుక్షేత్ర సంగ్రామం, మరొక ప్రక్క లంకాయుద్ధం. తూర్పు మంటపంలో సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. వాసుకిని పట్టిన దేవతలను, అసురులను ఒక్కొక్కరిని చూస్తూ నడిచేసరికి నాకు గంట పట్టింది. అదే సమయంలో జెండా పట్టుకొన్న మార్గదర్శకుని వెంట మూడు బృందాలు వచ్చి, ఛాయాచిత్రాలు తీసుకొని వెళ్ళిపోయాయి. వారిని తప్పుపట్టను, వారికిచ్చిన సమయం అంతే.

ఆ ఆలయం ఎలా నిలిచి ఉన్నదో తెలిస్తే, యాత్రికుని బాధ్యత కూడా తెలుస్తుంది. దాని పునాది బండరాతి మీద లేదు. ఇసుకను దట్టించి, దానిపై లాటరైట్ అనే ఎర్రని రంధ్రాల రాయిని పరచి, కూలెన్ కొండల నుండి తెచ్చిన ఇసుకరాయితో కట్టారు. చుట్టూ సుమారు 190 మీటర్ల వెడల్పైన అగడ్త ఉన్నది. ఆ నీరు అలంకారం మాత్రమే కాదు. భూగర్భజలం తగిన మట్టంలో ఉండి, క్రింది ఇసుక తడిగా ఉన్నంతకాలం పునాది గట్టిగా ఉంటుంది. ఇసుక ఎండినచో జారుతుంది. జారినచో పైనున్న రాళ్ళు కదులుతాయి. ప్రక్కనున్న సియమ్ రీప్ పట్టణంలో హోటళ్ళు పెరిగి, బోరుబావులతో నీరు తోడడం అధికమైనప్పుడు నిపుణులు ఆందోళన చెందినది ఇందువల్లనే. యాత్రికుడు స్నానపు తొట్టిలో విడిచే నీటికీ, గోపురం నిలకడకూ సంబంధం ఉన్నదని చెబితే వింతగా తోచవచ్చు. కాని అది వాస్తవం.

రద్దీ విషయంలోనూ అక్కడివారు చర్యలు తీసుకొన్నారు. 2019లో సుమారు 22 లక్షల మంది విదేశీయులు అంగ్కోర్ టికెట్లు కొన్నారు. పాదాల ఒరిపిడికి రాతిమెట్లు అరగకుండా వాటిపై కొయ్యమెట్లు అమర్చారు. అన్నిటికన్నా పైనున్న బాకన్ అనే అంతస్తులోకి ఒకేసారి వంద మందికి మించి పంపరు. భుజాలు, మోకాళ్ళు కప్పే వస్త్రం లేనివారికి అక్కడ ప్రవేశం లేదు. బౌద్ధుల పర్వదినాలలో ఆ అంతస్తును మూసివేస్తారు. పాత విమానాశ్రయం ఆలయానికి చేరువలో ఉండడం వలన విమానాల కంపనాలు కట్టడాలకు హాని చేయవచ్చునన్న ఆందోళన ఉండేది. 2023 అక్టోబరులో సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్త విమానాశ్రయం ప్రారంభమైంది.

ఆలయ రక్షణలో మన దేశానికీ భాగమున్నది. ఆ దేశం ఇంకా అంతర్యుద్ధపు గాయాలతో ఉన్నప్పుడే, 1986 నుండి 1993 వరకు, భారత పురావస్తు శాఖ నిపుణులు అంగ్కోర్ వాట్‌లో మరమ్మతు పనులు చేశారు. ఆ తరువాత తా ప్రోమ్ ఆలయంలోనూ పనిచేశారు. 1992లో అంగ్కోర్ ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, అప్పుడే ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ చేరింది. పలు దేశాల సహకారంతో 2004లో ఆ ప్రమాద జాబితా నుండి బయటపడింది.

లెక్క చూద్దాం

ఇప్పుడు దాతలు గమనించవలసిన ముఖ్య విషయం. అంగ్కోర్‌లో ఒకరోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. భుజాన సంచి తగిలించుకొని బస్సులో వచ్చిన విద్యార్థి కొనే టికెట్టూ, లక్ష డాలర్లు చెల్లించి ప్రత్యేక విమానంలో వచ్చినవారి టికెట్టూ ఒకటే. ఒక్కొక్క టికెట్టులో 2 డాలర్లు పిల్లలకు ఉచిత వైద్యం చేసే కంఠబొఫా ఆసుపత్రులకు వెళతాయి. లక్ష డాలర్లలో అధికభాగం విమానానికి, ఇంధనానికి, సిబ్బందికి, హోటళ్ళకు, సంస్థ లాభానికి పోతుంది. ఆలయానికి టికెట్టు సొమ్మే చేరుతుంది. హుండీలో వేసే కానుకకూ, క్షేత్రానికి వెళ్ళే కారు అద్దెకూ భేదం తెలిసిన మన భక్తులకు దీనిని మరింత వివరించనక్కరలేదు.

రెండవ లెక్క ఆకాశానిది. ఇటువంటి విమానం గంటకు 3 టన్నులకు పైగా ఇంధనం కాల్చుతుంది. ఒక టన్ను ఇంధనం మండితే 3 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే గంటకు దాదాపు తొమ్మిదిన్నర టన్నులు. అదే విమానంలో రెండు వందల మంది ఉంటే తలకు 47 కిలోలు. యాభై మందే ఉంటే 190 కిలోలు. మొత్తం యాత్రలో యాభై గంటలు గాలిలో గడిపితే, ఒక్కొక్కరి వంతు తొమ్మిదిన్నర టన్నులు అవుతుంది. సగటు భారతీయుని ఏడాది వాటా సుమారు 2 టన్నులు. మూడు వారాల యాత్రకు దాదాపు అయిదేండ్ల వాటా ఖర్చయినట్లు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. రాతిమెట్లు అరిగేది ఏడాదికి కొన్ని వందల మంది విమానయాత్రికుల వలన కాదు. లక్షలుగా వచ్చే మనవంటి సామాన్యుల వలననే. కనుక నియమాలు పాటించే బాధ్యత వారికెంతో మనకూ అంతే.

ఇది తీర్థయాత్ర అవునా?

భారతం వనపర్వంలోని తీర్థయాత్రా ప్రసంగంలో ఒక ముఖ్యమైన విషయం చెప్పబడింది. యజ్ఞాలకు బహుద్రవ్యం కావాలి కనుక దరిద్రులు వాటిని చేయలేరు. వారికి కూడా అందుబాటులో ఉండి, యజ్ఞఫలాన్ని మించినదిగా తీర్థయాత్ర విధింపబడింది. ఇంద్రియ నిగ్రహం, మనోనిగ్రహం కలవారికే ఆ ఫలమని కూడా అక్కడ ఉన్నది. వాహనం ప్రసక్తి కన్న నియమం ప్రసక్తి అధికం. కాబట్టి విమానంలో వెళ్ళినంత మాత్రాన దోషం లేదు. విమానంలో వెళ్ళినంత మాత్రాన పుణ్యమూ లేదు. ధనం చూపించే స్థలాలు వేరు, మనస్సు చూడగలిగే స్థలాలు వేరు. మాచు పిచ్చు, రాపా నుయీ, పెట్రా ఇతరుల పూర్వీకుల స్థలాలు. అక్కడ మనం అతిథులం. అతిథిగా మర్యాద పాటించడమే అక్కడ మన నియమం.

వెళ్ళదలచినవారు సొమ్ము చెల్లించక ముందు నిర్వాహకులను ఈ విషయాలు అడగవలసిందిగా మనవి.

1. మొత్తం రోజులలో గాలిలో గడిచేవి ఎన్ని, క్షేత్రంలో గడిచేవి ఎన్ని? అంగ్కోర్ వాట్‌కు ఒక్క పూటే కేటాయిస్తే, శిల్పాలను చూశామనిపించుకోవడమే తప్ప చూడడం కుదరదు.

2. మార్గదర్శకులు స్థానికులేనా? వారికి తగిన వేతనం అందుతున్నదా?

3. స్థల పరిరక్షణకు, స్థానిక ప్రజలకు సంస్థ స్వయంగా ఇచ్చేది ఎంత? టికెట్టు సొమ్మును విరాళంగా చూపుతున్నారా?

4. బస చేసే హోటలు నీరు ఎక్కడి నుండి తెచ్చుకొంటున్నది?

5. వృద్ధులు ఎక్కలేని మెట్లు ఎన్ని ఉన్నాయి? బాకన్‌కు వెళ్ళే మెట్లు బహు నిటారైనవి. విమానంలోని సౌఖ్యం ఆ మెట్ల వద్ద పనికిరాదు.

ఆ దంపతులకు నేను మరొక మార్గం కూడా సూచించాను. భూమండలమంతా తిరిగే బదులు ఒక్క క్షేత్రాన్ని ఎంచుకొని, మామూలు విమానంలో వెళ్ళి, ఏడు రోజుల టికెట్టు కొని, ఉదయమొక మంటపం, సాయంత్రమొక మంటపం చొప్పున చూడవచ్చును. మిగిలిన ధనంలో కొంత అక్కడి పిల్లల ఆసుపత్రికి, కొంత మన గ్రామాలలో నిత్యదీపానికైనా నోచుకోని ప్రాచీనాలయాలకు చేర్చవచ్చును. నిర్ణయం వారిది. వెళ్ళినవారు ఏ మార్గాన వెళ్ళినా, అగడ్త దాటి ఆ పడమటి ద్వారం ముందు నిలిచినప్పుడు పాదరక్షల బరువు, మాటల హోరు, చేతిలోని ఫోను కొంచెం తగ్గించి లోనికి నడవాలని మాత్రం నా ప్రార్థన. అందరికీ క్షేమయాత్ర కలుగుగాక.