బరువు తగ్గినా ఉదర కండరాలు ఎందుకు కనిపించవు?

పది పన్నెండు కిలోల బరువు తగ్గినవారిలో చాలామంది అద్దం ముందు నిలబడి నిరుత్సాహపడతారు. ముఖం సన్నబడింది, పాత చొక్కాలు వదులయ్యాయి. పొట్ట మీద మాత్రం ఆశించిన గీతలేవీ తేలలేదు. ఆ నిరాశలోనే కొందరు ఒక పూట భోజనం మానేస్తారు. మరికొందరు రోజుకు వందల కొద్దీ క్రంచెస్ చేస్తారు, జిమ్‌లో ఎవరో చేతికిచ్చిన మాత్రలు మింగుతారు. తగ్గిన బరువులో ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది తెలిస్తే ఈ తొందరపాటులో చాలా భాగం అనవసరమని అర్థమవుతుంది.

ఉదరం ముందు భాగంలో, పక్కటెముకల దిగువ నుంచి కటి ఎముక వరకు నిలువుగా సాగే కండరాన్ని వైద్యులు రెక్టస్ అబ్డామినిస్ అంటారు. నడిమధ్యన పైనుంచి కిందికి సాగే తెల్లని తంతుపట్టీ దానిని కుడి, ఎడమ భాగాలుగా విడదీస్తుంది. అడ్డంగా సాధారణంగా మూడు స్నాయువు పట్టీలు ఉంటాయి. వీటి మధ్య ఉబ్బెత్తుగా కనిపించే కండర భాగాలే వాడుకలో ‘ప్యాక్‌’లు. ఆ పట్టీలు ఎన్ని, అవి రెండు వైపులా సమానంగా ఉన్నాయా లేదా అన్నది పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. అందుకే కొందరికి నాలుగు పలకలే తేలతాయి, కొందరికి ఎనిమిది. వ్యాయామంతో పలకలు మందమవుతాయే గాని వాటి సంఖ్య పెరగదు.

ఈ కండరం లేని మనిషి లేడు. అది కనిపించాలంటే దానిపై చర్మం కింద ఉండే కొవ్వు పొర బాగా పలచబడాలి. పురుషుల్లో శరీర బరువులో కొవ్వు వాటా సుమారు 10 నుంచి 12 శాతానికి, స్త్రీలలో 16 నుంచి 20 శాతానికి దిగినప్పుడు గీతలు స్పష్టపడటం మొదలవుతుంది. ఇవి స్థూలమైన అంచనాలే; కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది వ్యక్తిని బట్టి మారుతుంది.

తూకం చెప్పని లెక్క

80 కిలోల బరువున్న ఒక పురుషుడి శరీరంలో కొవ్వు 25 శాతం ఉందనుకుందాం. అంటే కొవ్వు 20 కిలోలు. కండరాలు, ఎముకలు, నీరు మొదలైనవి కలిపి 60 కిలోలు. అతడు 12 కిలోలు తగ్గి 68కి చేరాడు. పోయినదంతా కొవ్వే అయితే మిగిలిన కొవ్వు 8 కిలోలు, అంటే దాదాపు 12 శాతం. గీతలు తేలవలసిన స్థాయి అది. కానీ వ్యాయామం లేకుండా కేవలం తిండి తగ్గించినప్పుడు పోయే బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాని భాగం ఉంటుంది. ఆ లెక్కన 9 కిలోల కొవ్వే పోయి 11 కిలోలు మిగులుతుంది. తూకం రెండు సందర్భాల్లోనూ 68 అనే చూపుతుంది; కొవ్వు శాతం మాత్రం 16 దాటుతుంది.

దక్షిణాసియా వాసులకు ఈ లెక్క మరింత ముఖ్యం. పుణె వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్‌’ పత్రికలో తమ ఇద్దరి ఛాయాచిత్రాన్నే ఉదాహరణగా ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ, అంటే బీఎంఐ, 22.3. యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. ఒకే బీఎంఐ వద్ద యూరోపియన్ల కంటే మనవారిలో సగటున కొవ్వు ఎక్కువ, కండ తక్కువ.

అద్దంలో కనిపించని మార్పు

పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది: చర్మం కింద ఒక పొర, లోపల కాలేయం, పేగుల చుట్టూ మరొకటి. మధుమేహానికి, గుండె జబ్బులకు ఎక్కువగా దారితీసేది లోపలి కొవ్వు. బరువు తగ్గే క్రమంలో నిష్పత్తి ప్రకారం త్వరగా కరిగేది కూడా అదే. బొడ్డు కింద చర్మం పట్టుకుంటే చేతికి వచ్చే పొర, ముఖ్యంగా పురుషుల్లో, చివరి దాకా మొండికేస్తుంది. కాబట్టి పొట్ట మీద గీత ఒక్కటి కూడా తేలకముందే ఆరోగ్యానికి కావలసిన మేలు చాలావరకు జరిగిపోయి ఉండవచ్చు. దానిని తెలుసుకోవడానికి అద్దం కంటే టేపు నమ్మకమైనది. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది భారతీయులకు వైద్యులు పాటించే హద్దు.

నిజానికి ఆరు పలకల పొట్టే బలానికి గుర్తు అన్న భావన మనకు కొత్తది. ‘దేశముదురు’, ‘ఓం శాంతి ఓం’ చిత్రాలు విడుదలైన 2007 తర్వాతే ‘సిక్స్ ప్యాక్’ తెలుగువారి నోట నిలిచింది. అంతకుముందు ‘కండలు తిరిగిన’ అంటే భుజాలు, ఛాతీ, తొడలు గుర్తుకొచ్చేవి. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను తెంచిన కోడి రామమూర్తి నాయుడి (1882-1942) చిత్రాల్లో కనిపించేది నిండైన దేహమే.

అయినా గీతలు కావాలనుకునేవారికి మార్గం లేకపోలేదు. అది నెమ్మదైనది, అంతే. క్రంచెస్ కండరాన్ని బలపరుస్తాయి గాని దానిపై ఉన్న కొవ్వును ప్రత్యేకంగా కరిగించవు. ఏ చోటి కొవ్వు ముందు పోవాలో శరీరమే నిర్ణయిస్తుంది. వారానికి అర కిలోకు మించకుండా తగ్గుతూ, రెండు మూడు రోజులు దండీలు, బస్కీలు, బరువులెత్తడం వంటివి చేస్తే కండ నష్టం తగ్గుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం సాధారణ వ్యక్తికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలనుకునేవారికి క్రీడా పోషకాహార నిపుణులు 1.2 నుంచి 1.6 గ్రాములు సూచిస్తారు. మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుడిని అడగకుండా పెంచరాదు. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు పెంచడమే ఇందుకు తేలిక దారి. కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో హెచ్చరించింది.

కొవ్వును మరీ తగ్గించినా చిక్కే. స్త్రీలలో నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. త్వరగా ఫలితం కోసం వాడే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. ఫొటోకు ముందు నీళ్లు మానేసి తేల్చే గీతలు మళ్లీ నీళ్లు తాగగానే మసకబారతాయి. ఆలోగా రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది.

చాలా ఎక్కువ బరువు తగ్గినవారిలో అడ్డు కొవ్వు కాకపోవచ్చు, వదులైన చర్మం కావచ్చు. అది వ్యాయామంతో బిగుసుకోదు. శస్త్రచికిత్స ఒక్కటే దారి. ప్రసవం తర్వాత కొందరు స్త్రీలలో రెండు కండర భాగాలూ దూరంగా జరిగి మధ్యలో ఎడం మిగిలిపోతుంది. వెల్లకిలా పడుకుని తల పైకెత్తినప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా ఉబ్బు కనిపిస్తే ఆ ఎడం ఉందని అనుమానించాలి. బొడ్డు దగ్గర గుండ్రటి ఉబ్బు వస్తే అది హెర్నియా కావచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా క్రంచెస్ ఆపి, ముందు వైద్యుడికి చూపించుకోవాలి.