సూరత్ ప్లేగు దరిమిలా మారిన ప్రపంచ ఆరోగ్య నిబంధనలు

హజీరా (సూరత్): తపతీ తీరాన హజీరా రేవుకు ఎగువనున్న సూరత్‌లో 1994 సెప్టెంబరులో ప్లేగు తలెత్తగా లక్షలాది ప్రజలు నగరం విడిచిపోయారు. ఆంక్షలు అనవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినా పలు దేశాలు భారత్‌కు విమాన సర్వీసులను నిలిపివేశాయి. ఎగుమతులు, పర్యాటకం దెబ్బతిన్నాయి.

వ్యాధిని వెల్లడించిన దేశమే నష్టపోతే మిగిలిన దేశాలు దాపరికానికి మొగ్గుచూపే ప్రమాదముంది. ఈ నేపథ్యంలో 1995 మేలో ప్రపంచ ఆరోగ్య సభ నిబంధనల సవరణకు పూనుకొంది. 2007 జూన్ 15న అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అంతర్జాతీయ ముప్పు కాగల ఘటనను అంచనా వేసిన 24 గంటలలో తెలియజేయాలి. అదనపు ఆంక్షలు విధించే దేశం శాస్త్రీయ కారణం చూపాలి.

సూరత్‌లో 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపును క్రమబద్ధం చేసి నగర స్వరూపాన్ని మార్చారు.