డౌన్ సిండ్రోమ్ శిశువులకు రక్తపరీక్ష

21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండుటచే కలుగునది డౌన్ సిండ్రోమ్. గ్రహణదోషమను మాట వట్టిది. ఇట్టి శిశువులలో నూటికి సుమారు 10 మంది రక్తములో పుట్టుకనాడే పరిపక్వము కాని కణములు మితిమీరి యుండును. చూచుటకు రక్తపు క్యాన్సరువలె నున్నను, పెక్కుమందిలో సుమారు 3 మాసములలో తనంతట తానే తగ్గిపోవును. కొందరికి మాత్రము కాలేయము చెడి ప్రాణాపాయము కలుగును.

తగ్గినదని నిశ్చింతగా నుండరాదు. అట్టివారిలో నూటికి 20, 30 మందికి 4 ఏండ్లలోపు నిజమైన రక్తపు క్యాన్సరు రావచ్చును. త్వరగా గుర్తించినచో ఇది చికిత్సకు బాగుగా లొంగును. చిక్కంతయు ఇక్కడనే: ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవును, పరీక్షల గడువు తప్పును. కావున అట్టి బిడ్డ పుట్టగనే ఆశా కార్యకర్త ద్వారా ఆదోని ప్రభుత్వాసుపత్రికో, కర్నూలు సర్వజన వైద్యశాలకో పంపి రక్తపరీక్ష చేయింపుడనియు, వలసపోవు తల్లిచేతికి ఆ కాగితములిచ్చి పంపుడనియు పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.