గాలి తెరిపి ఇచ్చిన వేళ

ఆశ్వయుజ కార్తీక మాసాలు వస్తే, గోపాల్‌పూర్ మొదలు చెన్నపట్నం దాకా సముద్రపు ఒడ్డున కాపురాలున్న మన తెలుగువారి ఇళ్లలో పండుగల మాటతో పాటు గాలివాన మాట కూడా వస్తుంది. నేను వాతావరణ శాస్త్రం చదివినవాణ్ణి కాను. పదవ తరగతితో చదువు చాలించి, యానాంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా కాగితాలు సర్దుకునే మనిషిని. అయినా ఈ సంగతి నలుగురికీ చెప్పకుండా ఉండరాదని తోచి కలం పట్టాను.

1996వ సంవత్సరం నవంబరు 6వ తేదీ. దీపావళికి ఇంకా నాలుగు రోజులున్నది. అప్పటికి నాకు పదిహేనేళ్లు. గోదావరి ఆవలి ఒడ్డున, కోనసీమలో, మా పెదనాన్నగారింట్లో ఉన్నాను. తుఫాను వస్తున్నదని రేడియోలో విన్నాము. పెదనాన్నగారు అజాగ్రత్త మనిషి కారు. సాయంత్రం నుంచీ ఉత్తరపు గాలి హోరెత్తుతూ ఉంటే, పశువుల పాక ఆ గాలికి ఒరిగిపోకుండా దక్షిణపు వైపున గట్టి ఊతకర్రలు పాతించారు. తర్వాత అందరం పెంకుటిల్లులో తలుపులు బిగించుకుని కూర్చున్నాము.

రాత్రి గాలి ఎంత పెరిగిందో చెప్పడానికి నాకు మాటలు లేవు. ఒకరి కేక ఒకరికి వినపడలేదు. అట్లా ఉండి ఉండి, ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. వాన కూడా వెలిసింది. దొడ్డమ్మ చేతులు జోడించి, "గండం గడిచింది, తండ్రీ" అన్నది. పెదనాన్నగారు లాంతరు వెలిగించి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు మీ దొడ్డమ్మ దగ్గరే ఉండు. గేదెల్ని చూసి ఇప్పుడే వస్తాను" అని బయటికి వెళ్లారు.

ఆయన వెళ్లిన కాసేపటికే గాలి తిరిగి వచ్చింది. ఈసారి దక్షిణం నుంచి వచ్చింది. పాకకు ఆ గాలిని ఆపే ఊత ఉత్తరపు వైపున ఒక్కటీ లేదు. తెల్లవారిన తర్వాత దూలం కింద ఆయనను చూశాము. ఆ తుఫానులో ఉభయ గోదావరి జిల్లాలలో వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో మా పెదనాన్నగారు ఒకరు.

చాలా యేళ్లు మేము దానిని విధి అనుకున్నాము. "ఆయువు తీరింది, ఆ సమయానికి బయటికి పిలిచింది" అని దొడ్డమ్మ అనేది. ఈమధ్య మా అబ్బాయి బడిలో ఏదో వ్యాసం వ్రాయవలసి వచ్చి, కంప్యూటరులో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెరిచి, నన్ను అర్థం చెప్పమన్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతూ ఉండగా ఒకచోట నా చేయి ఆగిపోయింది. గాలివాన నడుమ గాలిలేని చోటు ఒకటి ఉంటుందనీ, అది దాటగానే గాలి ఎదుటి దిక్కు నుంచి అంత ఉద్ధృతంగానూ వస్తుందనీ అందులో ఉన్నది. ఆ పుస్తకం అచ్చయినది 1848లో. అంటే, మా పెదనాన్నగారు లాంతరు పట్టుకుని బయటికి వెళ్లేనాటికి ఆ మాట అచ్చులోకి వచ్చి 148 యేళ్లయినది. అది మా ఇంటికి మాత్రం రాలేదు.

ఆ పుస్తకం వ్రాసినాయన హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషు దొర. మొదట సరకుల ఓడలకు కెప్టెనుగా పనిచేసి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడి భూగర్భశాస్త్ర మ్యూజియంలో ఉద్యోగం చేశారు. ఓడల ప్రమాదాలు విచారించే న్యాయసభకు అధ్యక్షులుగా కూడా ఉన్నారు. తుఫాన్ల మీద ఆయన తొలి వ్యాసం బంగాళాఖాతంలో 1839 జూన్ నెలలో వచ్చిన గాలివానను గురించి. ఆ యేడే నవంబరులో మా యానాం పక్కనున్న కోరంగి రేవు ఉప్పెనలో నాశనమైనది. అంతకు యాభై యేళ్ల ముందు, 1789 డిసెంబరులో, మూడు పెద్ద కెరటాలు వచ్చి ఆ ఊరినే ముంచివేసినవి. నేడు కోరంగి అంటే మడ అడవులు చూడవచ్చేవారే గాని, ఒకనాడు అది ఓడలు కట్టిన ఊరు. అక్కడి నుంచి ఓడలెక్కి పోయినందువల్లనే బర్మాలో మన తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు.

పిడింగ్టన్ గారి పనితీరు చదివితే, గుమాస్తా పని చేసేవాడికి ఎంతో దగ్గరగా తోస్తుంది. ఆయనకు ఉపగ్రహాలు లేవు, రాడారు లేదు. ఆయన సామగ్రి అంతా ఓడల దినచర్య పుస్తకాలే. ఏ గంటకు గాలి ఏ దిక్కు నుంచి వీచినది, పాదరసం ఎన్ని అంగుళాలున్నది, తెరచాపలు ఎప్పుడు దించినారు, ఓడ ఎక్కడున్నది, ఇవన్నీ ప్రతి ఓడలోనూ వ్రాసి పెట్టుకుంటారు. కలకత్తాకు వచ్చిన ఓడల నుంచి ఆ లెక్కలు తెప్పించుకుని, ఒకే రోజున, ఒకే వేళకు, ఏ ఓడ ఎక్కడ ఉన్నదో పటం మీద గుర్తు పెట్టేవారు. ఒక్కొక్క గుర్తు దగ్గర గాలి దిక్కును బాణంతో చూపేవారు. అన్ని బాణాలూ కలిపి చూస్తే గాలి ఒక చక్రం లాగా తిరుగుతున్నట్టు తేలేది. మర్నాటి లెక్కలు వేస్తే ఆ చక్రం ఎటు జరిగినదో తెలిసేది.

ఆ చక్రానికి ఆయన గ్రీకు భాష నుంచి ఒక పేరు తీసి పెట్టారు. చుట్ట చుట్టుకున్న పాము అని దాని భావం. నేడు లోకమంతా వాడే సైక్లోన్ అన్న మాట అదే. కలకత్తాలో పుట్టి ప్రపంచమంతా తిరిగిన మాట అది.

గాలి గుండ్రంగా తిరుగుతుందనడానికి ఆయనకు దొరికిన సాక్ష్యాలలో ఒకటి విచిత్రమైనది. 1845లో చార్లెస్ హెడిల్ అనే ఓడ మారిషస్ దగ్గర తుఫానులో చిక్కి, గాలి ఎటు తోస్తే అటు కొన్ని రోజులు పరుగెత్తినది. అంత దూరం పోయి కూడా బయలుదేరిన చోటికి అట్టే దూరం పోలేదు. లెక్క కట్టి చూస్తే, గానుగెద్దులాగా తుఫాను నడిబొడ్డు చుట్టూ ఐదు ప్రదక్షిణలు చేసినదని తేలింది.

ఈ జ్ఞానాన్ని ఆయన పండితుల పత్రికలలోనే దాచలేదు. నావికులకు అర్థమయ్యేలా, 1848లో, సెయిలర్స్ హార్న్ బుక్ అని పుస్తకం వేశారు. హార్న్ బుక్ అంటే పూర్వం ఇంగ్లండులో పిల్లలు అక్షరాలు దిద్దే పలక. నావికుల బాలశిక్ష అనుకోవచ్చు. కొమ్మును పలుచని రేకుగా చేసి, అవతల ఉన్నది కనపడేలా తీర్చి, దాని మీద గాలిచక్రం గీయించి పుస్తకంతో పాటు ఇచ్చారు. ఆ రేకును పటం మీద పెట్టి, తనకు తగులుతున్న గాలి దిక్కును చక్రంలో కలుపుకుంటే, తుఫాను నడిబొడ్డు ఎటున్నదో కెప్టెనుకు తెలిసిపోతుంది.

రేకు లేకపోయినా ఒక సులువైన సూత్రమున్నది. మన దేశం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నది గనుక ఇక్కడ తుఫాను గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. గాలికి ముఖం పెట్టి నిలబడితే నడిబొడ్డు ఇంచుమించు మన కుడిచేతి వైపు ఉంటుంది. ఆ రాత్రి పెదనాన్నగారింటికి ఉత్తరపు గాలి. ఉత్తరముఖంగా నిలబడిన మనిషికి కుడిచేయి తూర్పు. అంటే తుఫాను ఇంకా సముద్రం వైపునే ఉన్నది, దాని నడిబొడ్డు రానే లేదు. గాలి ఆగడమంటే అది వచ్చి మా నెత్తిన నిలవడమే. దక్షిణపు గాలి మొదలైన తర్వాతనే అది పడమటికి దాటిపోవడం ఆరంభమైనది. ఇంత చిన్న లెక్క ఇది.

పిడింగ్టన్ గారు గాలితో పాటు నీటిని గురించి కూడా ఎంతో ఆలోచించారు. మన పెద్దలు గాలివాన వేరు, ఉప్పెన వేరు అని రెండు మాటలు పెట్టుకున్నారు. అది చాలా తెలివైన విభజన. తుఫాను నడుమ గాలి బరువు తగ్గడం వల్ల సముద్రం కొంత పొంగుతుంది. పాదరసం ఒక అంగుళం దిగితే నీరు సుమారు 13 అంగుళాలు లేస్తుంది. కాని అసలు ఉప్పెన దానివల్ల వచ్చేది కాదు. గాలి తోసుకొచ్చిన నీరు లోతు తక్కువైన తీరంలో వెనక్కు పోవడానికి చోటులేక గోడలా లేచి ఊళ్ల మీద పడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మంది దాకా పోయినది ప్రధానంగా ఈ నీటివల్లనే.

1853లో కలకత్తాకు దక్షిణంగా, మాట్లా నది మీద, కొత్త రేవు కట్టాలని ప్రభుత్వంవారు సంకల్పించారు. అక్కడ ఎప్పుడో ఒకనాడు ఉప్పెన వచ్చి ఊరంతా మునుగుతుందని పిడింగ్టన్ గారు గవర్నరు జనరల్ డల్హౌసీ ప్రభువుకు బహిరంగ లేఖ వ్రాశారు. ఆయన మాట చెల్లలేదు. కానింగ్ రేవు కట్టనే కట్టారు. పిడింగ్టన్ గారు 1858లో గతించారు. 1867 నవంబరులో గాలివాన, ఉప్పెన కలిసి వచ్చి కానింగ్ రేవును పాడుచేసినవి. ఆ తర్వాత కొద్ది యేళ్లకే దానిని వదిలివేశారు. ఆఫీసులో ఎన్నో అర్జీలు ఫైలులో పడి నిద్రపోవడం చూసిన నాకు, ఆ లేఖ సంగతి చదివినప్పుడు మనసు చివుక్కుమన్నది.

తర్వాతి చరిత్ర పాఠకులకు కొంత తెలిసినదే. 1864లో కలకత్తాను పెద్ద తుఫాను దెబ్బతీసిన మరుసటి యేడే ఆ రేవులో హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1970లో విశాఖపట్నంలో తుఫానులను కనిపెట్టే తొలి రాడారు పెట్టారు. ఆ మీదట ఉపగ్రహాలు వచ్చినవి. ఓడ రేవుకు చేరి తన పుస్తకం చూపేదాకా పిడింగ్టన్ గారు ఎదురుచూడవలసి వచ్చేది. ఇప్పటి శాస్త్రజ్ఞులు వాయుగుండం పుట్టకముందే సముద్రం మీద కన్ను వేసి ఉంచుతారు. నీటి వేడి 26, 27 డిగ్రీలు దాటినదా, పైగాలులు దానిని చెదరగొడతాయా అని పరికిస్తారు. తుఫాను ఏ దారిన పోతుందో చెప్పడంలో చాలా ముందుకు వచ్చారు. ఉన్నట్టుండి ఎప్పుడు బలం పుంజుకుంటుందో చెప్పడం మాత్రం నేటికీ కష్టమైన పనే.

హెచ్చరిక చేరితే ఏమవుతుందో ఒరిస్సాలోని మనవారికి స్వానుభవం. 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుఫానులో అక్కడ పదివేల మంది వరకు మరణించారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు ముందుగానే లక్షలాది జనాన్ని తీరం నుంచి తరలించారు. పోయిన ప్రాణాలు పదులలో ఆగినవి. రెండూ భయంకరమైన తుఫానులే. రెండవసారి కబురు ఇంటింటికీ చేరినది, విన్నవారు లేచి కదిలారు.

రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు మనం వార్తలలో వింటూనే ఉంటాము. పదో నెంబరు అంటే మహాప్రమాదం. దానిపైన పదకొండో నెంబరు కూడా ఒకటున్నది. హెచ్చరిక పంపే కేంద్రంతో సంబంధం తెగిపోయినదని దాని అర్థం. అన్నిటికంటె పెద్ద అంకె దానికి ఇచ్చినవారు ఎవరోగాని, నా మట్టుకు నాకు అది సబబుగానే ఉన్నది. మా పెదనాన్నగారింటికి రేడియో హెచ్చరిక వచ్చింది, కాని తెరిపిని నమ్మరాదన్న ఒక్క మాట రాలేదు.

కాబట్టి పాఠకులకు నా మనవి ఇది. ఈ యేడు తుఫాను రోజులు రాకముందే ఇంట్లో పిల్లలకు ఈ సంగతి చెప్పండి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగితే గడప దాటవద్దు. గేదె అరిచినా, తలుపు కొట్టుకున్నా, పొరుగువారు పిలిచినా, గాలి ఎదుటి దిక్కు నుంచి వచ్చి, అది కూడా తగ్గిందాకా లోపలే ఉండండి. పాకకు ఊతలు పెట్టేటప్పుడు రెండు వైపులా పెట్టండి.

మా దొడ్డమ్మకు ఇప్పుడు ఎనభై దాటినవి. మొన్న కోనసీమ వెళ్లి, ఆ పుస్తకంలోని బొమ్మ కాగితం మీద గీసి, గాలిచక్రం ఎట్లా తిరుగుతుందో ఆవిడకు చూపాను. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, "ఈ బొమ్మ పెద్ద తలుపు మీద అంటించరా" అన్నది. అంటించి వచ్చాను.