అత్తవారిల్లు: హక్కులు, హద్దులు



ఒకనాడు దైవప్రవక్త (స) తమ కుమార్తె ఫాతిమా (రజి) ఇంటికి వెళ్ళారు. అల్లుడు హజ్రత్ అలీ (రజి) ఇంట లేరు. తమ నడుమ ఏదో మాట పట్టింపు వచ్చిందనీ, ఆయన కోపంతో బయటికి వెళ్ళారనీ ఫాతిమా (రజి) చెప్పారు. తప్పెవరిదని ప్రవక్త (స) విచారించినట్లు ఆ హదీసులో లేదు. అలీ (రజి) మస్జిదులో పడుకొని ఉన్నారని తెలిసి స్వయంగా వెళ్ళారు. ఆయన ఒంటికంటిన మట్టిని తమ చేతితో తుడుస్తూ, 'అబూ తురాబ్' అని ముద్దుగా పిలిచి లేపారు. బుఖారీలోని ఈ ఉదంతాన్ని మనం తరచుగా వింటాం; అందులోని మామగారి మౌనాన్ని మాత్రం గమనించం. మన ఇళ్ళలో కూతురి గొంతు ఫోనులో కాస్త వణికితే చాలు, తల్లి అంతా గుచ్చి గుచ్చి అడుగుతుంది. సాయంత్రానికి అన్నదమ్ములు అల్లుని గడపలో నిలుస్తారు. సూర్యకాంతం గారి గయ్యాళి అత్త పాత్రలు చూసి నవ్వుకున్న మనం, పుట్టింటివారి జోక్యాన్ని మరచిపోయాం.

ఫిల్మ్‌నగర్ బస్తీలలో, కృష్ణానగర్ సందులలో ఒకటి రెండు గదుల్లో మూడు తరాలు కాపురముండటం మనమెరిగినదే. లైట్‌మ్యాన్‌గానో డ్రైవరుగానో పనిచేసే భర్త ఔట్‌డోర్ షూటింగుకు వెళితే రోజుల తరబడి ఇంటికి రాడు. ఇంట్లో కోడలు, అత్తమామలు, పెళ్ళికాని మరిది. "మరిదే కదా" అంటాం. భర్త తరఫు మగ బంధువులు ఆమె వద్దకు ఏకాంతంలో వెళ్ళడాన్ని ప్రవక్త (స) మృత్యువుతో పోల్చారని ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. ఇది మరిదిపై అనుమానం కాదు, ఇద్దరి గౌరవానికీ కంచె. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వేరే ఇల్లు కాకపోయినా, తాళం వేసుకోగల ప్రత్యేక గది భార్య హక్కు. స్థోమత లేకుంటే కనీసం గట్టి తెర కట్టండి, పిలిచి లోనికి వెళ్ళండి. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత ఇంటి పసిపిల్లలు సైతం అనుమతి కోరాలని సూరా నూర్ 58వ ఆయతు ఆదేశిస్తున్నది.

జూబ్లీహిల్స్ బంగళాలలో గదులకు కొరత లేదు. అయితే అక్కడ కోడలి బీరువా తాళంచెవి అత్తగారి కొంగున ఉంటే? మహర్, సంపాదన ఆమె సొంత ఆస్తి.

తల్లిదండ్రుల సేవ కుమారునిపై విధి. కోడలు చేస్తే అది ఆమె మంచితనం, దానికి పుణ్యముంది. బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. మేము ఈ మాట అన్నప్పుడల్లా కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. అయ్యా, మందులెందుకు తేలేదని కోడలిని కాదు, కుమారుణ్ణి అడగండి.

దంపతులు విడిపోతారనే భయం కలిగినప్పుడు అటు నుండి ఒకరిని, ఇటు నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని సూరా నిసా 35వ ఆయతు చెబుతున్నది. ఇద్దరే, ఫోను స్పీకరులో వింటున్న మేనత్తలు కాదు. నిదానస్తులైన ఆ ఇద్దరెవరో నికాహ్ నాడే ఇరువైపులవారూ అనుకొని ఉంచుకోవచ్చు.